హోండా ఇంటెగ్రా టైప్ ఆర్ ఎందుకంత పేరు తెచ్చుకుంది, ఎప్పుడు ఆగిపోయింది?

హోండా కారు మామూలు ఇంటెగ్రా 1985లోనే జపాన్‌లో వచ్చింది, అప్పట్లో దాని పేరు క్వింట్ ఇంటెగ్రా. అసలు కథ మాత్రం 1995లో దాని స్పోర్ట్స్ వెర్షన్ టైప్ ఆర్‌తో మొదలైంది. 1.8 లీటర్ల ఇంజిన్, టర్బో లేదు, అయినా జపాన్ మోడల్‌లో 200 పీఎస్ (మెట్రిక్ హార్స్‌పవర్) పవర్, అదీ 8,000 ఆర్‌పీఎం (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు) దగ్గర! ఇంజిన్‌లోకి గాలి వెళ్లే దారులను చేత్తో నునుపు చేసేవారు. వేగాన్ని బట్టి వాల్వులు తెరుచుకునే తీరును మార్చే హోండా టెక్నాలజీ వీటెక్ వల్ల సుమారు 6,000 ఆర్‌పీఎం దాటగానే వాల్వులు ఇంకా ఎక్కువగా, ఎక్కువసేపు తెరుచుకుని, ఇంజిన్ శబ్దమే మారిపోయేది.

ఫ్రంట్ వీల్ డ్రైవ్‌లో పెద్ద చిక్కేంటంటే, బండిని లాగేదీ తిప్పేదీ ఆ ముందు చక్రాలే కాబట్టి మలుపులో గట్టిగా యాక్సిలరేటర్ తొక్కితే లోపలివైపు చక్రం ఊరికే తిరిగి పట్టు పోతుంది. దీనికి లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ (ఒక చక్రమే ఊరికే తిరగకుండా రెండో చక్రానికీ బలం పంపే భాగం) పెట్టారు, బాడీని గట్టిపరిచారు, బరువు తగ్గించడానికి ముందు అద్దాన్ని కూడా పలచగా చేశారు. నాకైతే ఇంజిన్ కన్నా ఈ పట్టుదలే ఎక్కువ నచ్చుతుంది.

అమెరికాలో 1997 నుంచి హోండా వారి లగ్జరీ బ్రాండ్ అక్యురా పేరుతో, 195 హార్స్‌పవర్‌తో అమ్మారు. 2001లో 2 లీటర్ల ఇంజిన్‌తో కొత్త తరం వచ్చింది, జపాన్‌లో 2006లో అదీ ఆగిపోయింది. కూపేలు (రెండు డోర్ల కార్లు) కొనేవాళ్లు అప్పటికే బాగా తగ్గారు. 2022లో అక్యురా ఇంటెగ్రా పేరును మళ్లీ తెచ్చింది, కానీ అది ఐదు డోర్ల బండి, టైప్ ఆర్ కాదు.