వజ్రాల కమ్మలు కొనబోయే ముందు

చిరంజీవికి పెద్దనాన్న ఆశీస్సులు.

మీ నాన్న షష్టిపూర్తికి మీ అమ్మకు వజ్రాల కమ్మలు కొనాలనుకుంటున్నావని మీ పెద్దమ్మ చెప్పగానే నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. ఆ వెంటనే భయమూ పట్టుకుంది. టీ నగర్‌లో ఏదో దుకాణానికి వెళ్లి, దీపాల కింద రాయి మెరుపు చూసి మురిసిపోయి, వాళ్లు చేతికిచ్చిన సర్టిఫికెట్ కార్డును చదవకుండానే జేబులో పెట్టుకొని వచ్చేస్తావేమోనని నా భయం. ఎన్.ఎస్.సి. బోస్ రోడ్డులో వజ్రాల దుకాణంలోనే ఉద్యోగం చేసి రిటైరైన నేను ఈ మాటలు ఇప్పుడు చెప్పక ఇంకెప్పుడు చెప్పాలి?

క్యారెట్ అంటే 0.2 గ్రాములనీ, అందులో నూరో వంతు సెంటు అనీ, రంగును, ఏ ఛాయా లేని డి నుంచి పసుపు తేలే జెడ్ వరకు, అక్షరాలతో చెబుతారనీ నువ్వు ఇప్పటికే చదివి ఉంటావు. ఆ సర్టిఫికెట్ ఎవరిచ్చారు, ఏ రాయికిచ్చారు అన్న రెండు ప్రశ్నలకు జవాబు దొరకనిదే మాత్రం ఒక్క రూపాయి కట్టవద్దు.

మొదటి ప్రశ్న అడగకపోవడం వల్ల మీ ఇంట్లోనే జరిగిన నష్టం నీకు తెలియదు. పెళ్లయిన కొత్తలో మీ నాన్న మీ అమ్మకు ఒంటిరాయి కమ్మలు కొన్నాడు. రంగు జి, స్వచ్ఛత వీవీఎస్ (అంటే లోపాలు అతి సూక్ష్మం) అని ఆ దుకాణంవారే తమ పేరు అచ్చువేసిన కార్డు మీద రాసిచ్చారు. అమ్మేవాడే పరీక్ష పెట్టి, అమ్మేవాడే మార్కులు వేసుకున్న కాగితం అది. నీ ఇంజినీరింగ్ ఫీజు కోసం ఆ కమ్మలు అమ్మవలసి వచ్చేనాటికి ఆ దుకాణం మూతపడింది. మరో దుకాణంలో ఆ కార్డును తిప్పి కూడా చూడలేదు. రాళ్లు ఊడదీయించి ల్యాబుకు పంపితే రంగు కె అనీ, స్వచ్ఛత అంతకంటే తక్కువ మెట్టైన ఎస్ఐ అనీ వచ్చింది. తెల్లకాగితం మడతలో వాటిని బోర్లించి పక్కనుంచి చూస్తే లేత పసుపు ఛాయ నాకూ కనిపించింది. బంగారంలో పొదిగి ఉన్నన్నాళ్లూ ఆ పసుపు అందులో కలిసిపోయింది. అనుకున్నదానిలో సగం కూడా చేతికి రాలేదు. మీ నాన్న దారి పొడుగునా ఒక్క మాట మాట్లాడలేదు, ఇంటికి వెళ్లి మీ అమ్మతో మాత్రం మంచి ధరే వచ్చిందని చెప్పాడు. నువ్వూ ఆమె దగ్గర ఈ సంగతి ఎత్తవద్దు, నాయనా.

కాబట్టి రాళ్లు అమ్మే పనితో సంబంధం లేని ల్యాబు ఇచ్చిన రిపోర్టునే అడుగు. అలా రిపోర్టులిచ్చే సంస్థల్లో జీఐఏ 1931లో అమెరికాలోనూ, ఐజీఐ 1975లో బెల్జియంలోని యాంట్‌వర్ప్‌లోనూ మొదలయ్యాయి. రంగు, స్వచ్ఛత మనిషి కంటితో తేల్చేవి కనుక, రెండు రాళ్ల ధరలు పోల్చేటప్పుడు రెండు రిపోర్టులూ ఒకే ల్యాబువేనా అని చూడు. హాల్‌మార్క్ ఉందని అంటారు. అది బంగారానికే గానీ రాయికి కాదు.

ఇక రెండో ప్రశ్న. రాళ్లను పొదగకముందే, విడిగా, రెంటికీ వేరువేరు రిపోర్టులతో కొను. పొదిగిన రాయిని ల్యాబువారు తూచలేరు, కొలతలను బట్టి బరువు అంచనా వేస్తారు. రంగు కూడా ఒక్క అక్షరంగా కాక ఇంతనుంచి ఇంత అని రాస్తారు. విడి రాయి అంచున, నడుము చుట్టూ ఉండే సన్నని పట్టీ మీద, రిపోర్టు నంబరును లేజర్‌తో చెక్కిస్తారు. లూప్‌లో, అంటే పది రెట్లు పెద్దదిగా చూపే చిన్న భూతద్దంలో, దాన్ని చదివి, అదే నంబరును ల్యాబు వెబ్‌సైటులో వేసి చూడు. తరవాత కొలతలు సరిపోల్చు: అరక్యారెట్ గుండ్రటి రాయి సుమారు 5.1 మిల్లీమీటర్ల వెడల్పుంటుంది. పొదిగిన తరవాత కొక్కెం కింద ఆ నంబరు దాగిపోతే ఏ రాయి లోపల ఉందో చెప్పడం కష్టం కనుక, నంబరు కనబడేలా పొదగమని ఆచారికి ముందే చెప్పాలి.

రాయి సహజమా, ల్యాబులో పెంచినదా అన్నది రిపోర్టులో మొట్టమొదట చూడు. రెండూ వజ్రాలే కాబట్టి దుకాణంలో ఆనించి చూపే టెస్టర్ పెన్ను రెంటికీ ఒకేలా మోగుతుంది, ధరలో మాత్రం ఎంతో తేడా.

మన మద్రాసు ఆడవాళ్లకు నీలి ఛాయ మెరిసే బ్లూ జాగర్ రాళ్లంటే ప్రాణం, మీ అమ్మమ్మ కూడా వాటినే అడిగేది. దుకాణంలో ఆ పేరు చెబితే రిపోర్టులో ఫ్లోరసెన్స్ వరుస, అంటే అతినీలలోహిత కాంతిలో రాయి ఎంత వెలుగుతుందో చెప్పేది, చదువు. అక్కడ స్ట్రాంగ్ అని ఉంటే, రాయిని ఎండలోకి తెచ్చి పాలపొర కమ్మినట్టు మసకగా ఉందేమో చూడు. ఆ మసక లేకుంటే నిశ్చింతగా కొనవచ్చు, మంచి రంగు రాయికి ఆ కారణంగానే ధర తగ్గించమనీ అడగవచ్చు.

రిపోర్టులో ధర ఉండదు, బేరం నువ్వే ఆడాలి. బిల్లులో రెండు రిపోర్టు నంబర్లూ, రాళ్ల బరువూ, బంగారం బరువూ విడివిడిగా రాయించు.

శనివారం పొద్దున్నే వెళదాం, రాళ్లు పగటి వెలుతురులో చూడాలి. నంబర్లు ముందురోజే పంపితే నేను సరిచూసి ఉంచుతాను, నా లూప్ కూడా తెస్తాను. మీ నాన్ననూ వెంటబెట్టుకొని రా. రాయి మీది నంబరును ఆయన చేతే చదివిద్దాం.

ఆశీస్సులతో,
పెద్దనాన్న