వడ్లు వేలం పాడకు: కోత పండుగ తలపెట్టిన తమ్ముడికి

తమ్ముడూ, ప్రభువు నామంలో వందనాలు.

ఈ ఏడు కోత పండుగ బాధ్యత సంఘం నీకప్పగించిందని విన్నాను. ఊరి రైతులందర్నీ కలుపుకొని, తిండికి కటకటగా ఉన్న ఇళ్ళకి గింజలు చేర్చాలన్న ఆలోచన బాగుంది. కానీ మన డెల్టా ఊళ్ళలో పండుగ చేసే తీరు కాస్త మారితే తప్ప అది జరగదు. బస్తాలు, కోళ్ళు, గుమ్మడికాయలు బలిపీఠం ముందు పెడతారు, ఆరాధన అవగానే అన్నీ వేలం పాడతారు, డబ్బు చర్చి రంగులకో మైకు సెట్టుకో పోతుంది. నువ్వు ముందుగా వడ్లని వేలంలోంచి తప్పించు. కోడి, అరటిగెల, కూరగాయలు నిలవుండవు కాబట్టి వాటిని పాడుకోండి. వడ్లు వడ్లుగానే ఉండాలి.

డిసెంబర్‌లో పెట్టుకోకు. అప్పటికి కొన్ని చేలు కుప్పల మీదే ఉంటాయి, పైగా క్రిస్మస్ ఖర్చులు. సంక్రాంతి దాటాక జనవరి ఆఖర్లో అయితే నూర్పిళ్ళు అయిపోతాయి. ఇంకో చిక్కుంది. కోత మిషన్లు వచ్చాక చాలామంది పచ్చి వడ్లు చేలోంచే అమ్మేస్తున్నారు, జనవరిలో అడిగితే ఇంట్లో గింజ ఉండదు. అందుకని నవంబర్‌లో, కోతలకి ముందే ఇంటింటికీ వెళ్ళి, ఒక బస్తా ఎండబెట్టి పక్కన పెట్టమని చెప్పు.

భూమిగల ఆసామినీ కౌలు రైతునీ ఒకే లెక్కన అడగొద్దు. కౌలుదారు పంట ఎలా ఉన్నా మక్తా, అంటే ముందే ఒప్పుకున్న కౌలు గింజలు, కొలవాల్సిందే, ఆయన కుంచెడు ఇస్తే చాలు. పొలమే లేనివాళ్ళకి పిడికెడు బియ్యం పద్ధతి చెప్పు. మిజోరం సంఘాల్లో ఆడవాళ్ళు వంటకి తీసిన బియ్యంలోంచి పిడికెడు పక్కన పెట్టడం 1910లో మొదలుపెట్టారు, ఇప్పటికీ నడుస్తోంది. పూటకి 50 గ్రాములనుకున్నా రెండు పూటలకీ కలిపి నెలకి 3 కిలోలు.

మన సంఘం కాని రైతులూ ఇస్తారు. ఆకలి తీర్చడానికి అంటే కాదనేవాళ్ళు తక్కువ. అయితే చర్చి కట్టడానికి కాదని ముందే చెప్పి, రశీదు రాసివ్వు. పొద్దున ఆరాధన సంఘానిది. మధ్యాహ్నం తూకం, భోజనం మాత్రం కళ్ళంలోనో బడి ఆవరణలోనో పెట్టు. గింజలివ్వడానికొచ్చిన పెద్దమనిషికి ప్రసంగం వినిపిస్తే వచ్చే ఏడు రాడు.

అన్నిటికన్నా ఎక్కువ నష్టం తేమతో. ధాన్యం కొనుగోలు కేంద్రంలో 17 శాతం దాకా ఒప్పుకుంటారు, కానీ నెలల తరబడి నిలవ ఉండాలంటే 13 దాటకూడదు. మీటరు లేకపోతే పొడి గాజు సీసాలో నాలుగు గుప్పెళ్ళ వడ్లు, రెండు చెంచాల పొడి ఉప్పు పోసి, మూతపెట్టి బాగా ఊపు. పావుగంట ఆగి చూడు. ఉప్పు సీసా గోడకి అంటుకుంటే వడ్లు ఇంకా ఎండాలి, అడుక్కి రాలిపోతే తేమ 15 శాతం లోపున్నట్టు, అయినా ఇంకాస్త ఎండనివ్వు. ప్రతి బస్తానీ ఇలా విడిగా చూడు. పచ్చి బస్తా ఒక్కటి కలిసినా లోపల వేడెక్కి, బూజుపట్టి, పక్కవాటినీ పాడుచేస్తుంది. సాంబమసూరినీ స్వర్ణనీ ఒకే రాశి పోయకు. మిల్లు రోలర్ ఒక సైజుకే బిగిస్తారు, రెండూ కలిపితే సన్నగింజ పొట్టుతోనే జారిపోతుంది, లావుగింజ నూకవుతుంది. మిగిలిపోయిన విత్తన వడ్లు ఎవరైనా తెస్తే రంగు, వాసన చూడు. మందు పట్టించినవైతే తిండికి పనికిరావు, మొహమాటపడకుండా తిప్పి పంపించు.

కొలత కాటా మీదే. కుంచం ఊరికో రకం, దాంతో లెక్క తేలదు. బస్తాలు చెక్కల మీద, గోడకి అడుగున్నర ఎడంగా పేర్చు. పాత గోనెలైతే ముందు ఎండలో బాగా కాగనివ్వు. బియ్యానికి పురుగు తొందరగా పడుతుంది కాబట్టి ఒకేసారి ఆడించకు. పైగా కొత్త బియ్యం అన్నం ముద్దవుతుంది. నాట్లకి ముందు జూన్‌లో, నాట్లూ కలుపులూ అయిపోయిన సెప్టెంబర్‌లో కూలి పని పల్చబడుతుంది. అప్పుడు ఆడించి పంచు.

75 కిలోల బస్తాలు పది వచ్చాయనుకో. వందకి 65 వంతున ఆడితే 487 కిలోల బియ్యం, అంటే పదేసి కిలోల సంచులు 48. 24 ఇళ్ళకి రెండుసార్లు సరిపోతాయి. కార్డున్న ఇళ్ళకి రేషన్ బియ్యం మనిషికి 5 కిలోలు ఎలాగూ అందుతుంది, వాళ్ళకి కరువు పప్పూ నూనే. కాబట్టి వేలం డబ్బుతో సంచికి కిలో కందిపప్పు, లీటరు నూనె చేర్చు. మార్చిలో మినుము, పెసర తీస్తారు, అప్పుడింకోసారి రైతుల దగ్గరికి తిరిగితే పప్పు ఖర్చు కొంత కలిసొస్తుంది. వేలంలో అరువు పెట్టకు. గుమ్మడికాయ కొన్నాయన దాన్నే మళ్ళీ దేవుడికిచ్చి నాలుగుసార్లు పాడించడం ముచ్చటగానే ఉంటుంది గానీ, పాడిన సొమ్ము ఆ పూటే చేతిలో పడకపోతే ఏడాదంతా మొహాలు తప్పించుకు తిరుగుతారు.

ఎవరికివ్వాలో పాస్టరుగారొక్కరే రాయకూడదు. అంగన్‌వాడీ టీచరునీ, ఆశా కార్యకర్తనీ, సంఘం కాని ఒక రైతునీ కూర్చోబెట్టు. కార్డు లేని వలస కూలీలు, ఒంటరి ముసలివాళ్ళు ముందు. ప్రార్థనకి రావాలనే షరతు వద్దు, ఫోటోలు వద్దు, వరసలో నిలబెట్టొద్దు. చీకటిపడ్డాక ఆడవాళ్ళే ఇద్దరిద్దరు వెళ్ళి గుమ్మంలో ఇచ్చి రావాలి. వచ్చినవి, ఆడించినవి, ఇచ్చినవి, మిగిలినవి బోర్డు మీద రాయి. తీసుకున్నవాళ్ళ పేర్లు మాత్రం అందులో ఉండకూడదు.

మిల్లాయనతో తవుడు సంగతి బస్తా దించకముందే తేల్చుకో. ఆడించిన కూలి కింద తవుడు ఆయనే ఉంచుకుంటే మంచిదే, నూకలు మాత్రం వెనక్కి తెచ్చుకో. పళ్ళులేని ముసలివాళ్ళు జావకి అడిగి మరీ తీసుకుంటారు.

ఇట్లు,
మీ పెద్దన్న