ఆస్ట్రేలియాలో ఏడాది పనులకు బయలుదేరుతున్న మేనకోడలికి

బరంపురం

అమ్మలూ,

మావయ్య ఆశీస్సులు. మీ అమ్మ ఫోన్ చేసింది. నువ్వు ఆస్ట్రేలియా వర్క్ అండ్ హాలిడే వీసాకి ప్రయత్నిస్తున్నావట, ఏడాదంతా ఊళ్లు తిరుగుతూ దొరికిన పని చేసుకుంటానన్నావట. "నువ్వైనా మానిపించరా" అంది. నేను మానిపించను, నువ్వు వెళ్లాల్సిందే. కాకపోతే అప్పు చేసి మాత్రం వెళ్లకు. ఈ ఉత్తరంలో మిగతావన్నీ మర్చిపోయినా ఫరవాలేదు, ఇదొక్కటి గుర్తుంటే చాలు.

అప్పు ఏం చేస్తుందో మన ఒడిశాలో పుట్టినవాళ్లకి కొత్తగా చెప్పక్కర్లేదు. దాదన్ కింద, అంటే ముందే డబ్బు తీసుకుని, ఇటుక బట్టీలకి పోయేవాళ్లకి సర్దార్, అదే కూలీల్ని తీసుకెళ్లే మేస్త్రీ, అడ్వాన్స్ చేతిలో పెడతాడు. అక్కడికి వెళ్లాక కూలి తక్కువైనా, ఒంట్లో బాగోలేకపోయినా, ఆ బాకీ తీరేదాకా కదలడానికి ఉండదు. ఆస్ట్రేలియాలోనూ నేను ఇదే చూశాను. చదువుకునే రోజుల్లో వంటిళ్లలో, తోటల్లో పనిచేశాను. ఆ తర్వాత ఒక ప్యాకింగ్ షెడ్‌లో సూపర్‌వైజర్‌గా మనుషుల్ని పనిలోకి తీసుకున్నాను. మూడు వారాలు పని లేకపోయినా గడిచే డబ్బు దగ్గరున్న పిల్ల, "గంటకెంత? పే స్లిప్ ఇస్తారా?" అని నిలబడి అడుగుతుంది. ఇంటి దగ్గర వడ్డీ పెరుగుతున్న పిల్ల ఆ ప్రశ్న వేయదు, ఎంతిస్తే అంతే తీసుకుంటుంది. కొందరు కాంట్రాక్టర్లు ఆ తేడా మొహం చూసే పసిగడతారు.

వీసాకి సుమారు 5,000 ఆస్ట్రేలియా డాలర్లు చూపించమంటారు, అంటే మన డబ్బుల్లో మూడు లక్షలకి కాస్త అటూఇటూ. తిరుగు టికెట్ ఖర్చు వేరే. ఎవరి దగ్గరో నాలుగు రోజులకి తెచ్చి అకౌంట్లో చూపించి మళ్లీ ఇచ్చేద్దామనుకోకు. అది నిజంగా నీ డబ్బై ఉండాలి. ఇంకో ఏడాది ఇక్కడ ఉద్యోగం చేసి కూడబెట్టాల్సి వస్తే అలాగే చెయ్యి. 31 ఏళ్లు నిండేలోపు వీసాకి దరఖాస్తు చేస్తే చాలు. నీకింకా టైముంది.

మనవాళ్లకి ఈ వీసా మొదలైంది 2024లోనే. ఏడాదికి వెయ్యి మందికే ఇస్తారు. ముందు బ్యాలట్, అంటే లాటరీ. దానికి 25 డాలర్లు కట్టి నువ్వే ఆన్‌లైన్‌లో పేరు నమోదు చేసుకోవాలి. పేరు తగిలితే 28 రోజుల్లో అసలు దరఖాస్తు పెట్టాలి. "లాటరీలో నీ పేరు తీయిస్తాను" అని ఎవరైనా డబ్బడిగితే అది పచ్చి మోసం. మనుషులు పేర్లు ఏరే పద్ధతి అక్కడ లేదు.

దిగిన వారంలోనే బ్యాంక్ అకౌంట్, ట్యాక్స్ ఫైల్ నంబర్ చూసుకో. ఆ నంబర్ ప్రభుత్వం ఉచితంగానే ఇస్తుంది. ఎవరైనా దాని బదులు ఏబీఎన్, అంటే సొంత వ్యాపారం చేసేవాళ్ల నంబర్, తీసుకుని పళ్లు కోయమంటే ఒప్పుకోకు. నిన్ను కూలిమనిషిగా కాకుండా వ్యాపారిగా చూపించి, నీకు రావాల్సినవి ఎగ్గొట్టే ఎత్తు అది. 2025 జూలైలో అక్కడ కనీస వేతనం గంటకి 24.95 డాలర్లు చేశారు. నీలాంటి క్యాజువల్ వాళ్లకి, అంటే పర్మనెంట్ కాకుండా అవసరాన్ని బట్టి పిలిచే వాళ్లకి, దాని మీద ఇంకో 25 శాతం కలుస్తుంది. కాబట్టి ఎవరైనా గంటకి పదిహేను, చేతికి నగదు అంటే నీకు సగం ఎగ్గొడుతున్నారని లెక్క. తోటల్లో బకెట్‌కింత, బిన్‌కింత అని పీస్ రేట్ చెబుతారు. 2022 ఏప్రిల్ నుంచి పీస్ రేట్ మీద చేసినా గంటలెక్కన కనీసం పడాల్సిందే అని నియమం వచ్చింది. నీ చెయ్యి నెమ్మదైనా ఆ మొత్తం ఇవ్వాలి. గొడవొస్తే ఫెయిర్ వర్క్ ఆంబుడ్స్‌మన్ అని జీతాల ఫిర్యాదులు చూసే ప్రభుత్వ ఆఫీసుకి ఫోన్ చెయ్యి, పైసా ఖర్చుండదు. అందుకే ఏ రోజు ఎన్ని గంటలు చేశావో రాత్రి పడుకునే ముందు ఫోన్‌లో రాసి పెట్టుకో. పాస్‌పోర్ట్ ఎవరి దగ్గరా పెట్టకు, "భద్రంగా ఉంచుతాం" అన్నా సరే.

ఇక పనుల సంగతి. ఊరు చూసి పని వెతక్కు, నెల చూసి వెతుకు. సెప్టెంబర్ నుంచి నవంబర్ దాకా ఉత్తరాన డార్విన్, క్యాథరిన్ వైపు మామిడి కోతలు. ఆ ఎండ, ఉక్క మన మే నెలని మరిపిస్తాయి. మామిడి సొన పడితే చర్మం పొక్కుతుందని నీకు తెలుసుగా, అక్కడ రోజంతా ఆ సొనలోనే ఉంటావు. కాబట్టి నిండు చేతుల చొక్కా, గ్లవ్స్ వేసుకోకుండా చెట్టు దగ్గరికి వెళ్లకు. డిసెంబర్, జనవరిలో టాస్మానియాలో చెర్రీలు. ఫిబ్రవరిలో మిల్డ్యూరా చుట్టుపక్కల ద్రాక్ష. చలికాలం అక్కడ జూన్‌లో మొదలవుతుంది. మంచు చూడాలనుకుంటే జిండబైన్ వైపు హోటళ్లలో గదులు సర్దే పని దొరుకుతుంది. చలి పడదనుకుంటే క్వీన్స్‌లాండ్‌లో బోవెన్ వెళ్లు, అది టమాటా సీజన్.

సీజన్ ఉందంటే పని ఉన్నట్టు కాదు. వానొస్తే కోత ఆగుతుంది, ఆ రోజు కూలి ఉండదు. కానీ హాస్టల్ అద్దె మాత్రం ఆగదు. పని ఇప్పిస్తామని బెడ్ అమ్మే హాస్టళ్లు కొన్నుంటాయి. వారాల అద్దె ముందే కట్టేయకు. ఒక్క రాత్రికి దిగి, సాయంత్రం అందరూ వండుకునే వేళ వంటగదిలోకి వెళ్లి "పోయిన వారం మీకెన్ని గంటలు పడ్డాయి?" అని అడుగు. ఓనర్ చెప్పేదాని కన్నా అక్కడ పప్పు తిప్పుకుంటున్న పిల్ల చెప్పేదే నమ్ము. మారుమూల తోటకి వెళ్లే ముందు అడ్రస్, తీసుకెళ్లేవాళ్ల బండి నంబర్ నాకు పంపు. చేరాక సిగ్నల్ లేకపోతే, అక్కడ ల్యాండ్‌లైన్ ఎక్కడుందో అడిగి తెలుసుకున్నాకే సామాను దింపు.

తోట పని ఒంటికి పడకపోతే మొండికెయ్యకు. హైవే పక్కన రోడ్‌హౌస్‌లు ఉంటాయి, పెట్రోలు బంకూ హోటలూ కలిసినట్టు. చాలాచోట్ల ఉండడానికి గదీ, తిండీ వాళ్లే చూస్తారు, డబ్బు మిగులుతుంది. వంటింట్లో కిచెన్ హ్యాండ్ అంటే ప్లేట్లు కడగడం, కూరలు తరగడం. "డిగ్రీ చదివి ఎంగిలి ప్లేట్లు కడగడానికా అంత దూరం" అని ఇక్కడ నలుగురూ అంటారు, నీ చెవిన కూడా పడుతుంది. ఆ పని చేసే నేను చదువుకున్నాను, అక్కకి చీర కొన్నాను. ఆ మాటలకి నువ్వు సమాధానం చెప్పాల్సిన పనే లేదు.

జీతంలో మొదటి డాలర్ నుంచే 15 శాతం పన్ను పోతుంది. సూపర్ అని, మన పీఎఫ్ లాంటిది, యజమాని పక్కన వేసే డబ్బు ఉంటుంది, కానీ తిరిగొచ్చేటప్పుడు తీసుకుంటే అందులో 65 శాతం పన్నే. కాబట్టి దాన్ని లెక్కలోకి తీసుకుని ఖర్చు పెట్టకు. ఒకే యజమాని దగ్గర మామూలుగా ఆరు నెలలకి మించి చేయకూడదు. ఎలాగూ నువ్వు తిరగడానికే వెళ్తున్నావు.

అక్క ఆవకాయ, అప్పడాలు సంచిలో పెడుతుంది. తీసుకెళ్లు, కానీ విమానంలో ఇచ్చే కార్డు మీద తినే వస్తువులున్నాయని తప్పకుండా టిక్ పెట్టు. చూసి వద్దంటే అక్కడే వదిలేస్తావు, అంతే. దాస్తే జరిమానా.

బ్యాలట్‌లో పేరు నమోదుకి పాస్‌పోర్ట్‌తో పాటు పాన్ కార్డు కూడా కావాలి. మన ఇళ్లలో ఒకదాంట్లో ఇంటిపేరు పూర్తిగా, ఇంకోదాంట్లో పొడి అక్షరం, స్కూల్ సర్టిఫికెట్లో ఒడియా మాస్టారు రాసిన స్పెల్లింగ్ ఉండడం మామూలే. వచ్చే ఆదివారం మూడూ పట్టుకుని ఇంటికి రా. తేడా ఉంటే బ్యాలట్ తెరిచేలోపే సరిచేయిద్దాం.

మీ మావయ్య