అవ్వ బొమ్మకు ఫోటో చాలదా?

ప్రశ్న: మా అవ్వకు ఎనభై ఏళ్లు. ఫోన్‌లో తీసిన ఫోటో చూసి ఆయిల్ రంగుల్లో రెండుసార్లు వేశాను. పోలిక ఉంది గానీ ముక్కు లావుగా, చెంపలు మసి పూసినట్టు వచ్చాయి. ఎదురుగా కూర్చోబెట్టి వేయమంటున్నారు. ఫోటోలో లేనిది అక్కడేముంటుంది?
– ఒక పాఠకురాలు, చిత్తూరు

జవాబు: ముక్కు విషయంలో తప్పు మీ చేతిది కాదు. రెండడుగుల దూరం నుంచి తీస్తే కెమెరాకు దగ్గరున్న ముక్కు ఉబ్బుతుంది, చెవులు వెనక్కి పోతాయి. మసి కూడా ఫోటోదే. వెలుగు వైపుకు సరిపెట్టుకున్న ఫోటోలో నీడ వైపంతా నల్లటి ముద్ద. అదే నీడను కంటితో చూడండి: చెవి తమ్మె ఎర్రగా ఉంటుంది, గడ్డం కింద చీర రంగు తేలుతుంది, చామనఛాయ నుదుటి మీద కిటికీ వెలుగు కాస్త నీలంగా కనిపిస్తుంది. పైగా గంటసేపు కూర్చున్న మనిషి ముఖం నిమిషానికోలా ఉంటుంది. అందులో ఏది అవ్వ ముఖమో ఏరుకునేది మీరే. కూర్చోబెట్టే వేయండి.

ఉత్తరపు కిటికీ వెలుగు మంచిదని పుస్తకాలు చెబుతాయి. అది యూరప్ వాళ్ల లెక్క. మన చిత్తూరు, తిరుపతిల్లో ఏప్రిల్ చివరి వారం నుంచి ఆగస్టు మధ్య దాకా మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు ఉత్తరానికే ఒరిగి ఉంటాడు. ఎండ లోపలికొస్తే నీడలు జరిగిపోతాయి. కిటికీకి తెల్ల పంచె కట్టండి. రంగు కర్టెనైతే ముఖమంతా ఆ రంగే. ట్యూబ్‌లైటు ఆపేయండి.

అవ్వకు ఆరేడడుగుల దూరంలో నిలబడండి. కుర్చీ కాళ్ల చుట్టూ సుద్దముక్కతో గీత గీస్తే, లేచి వచ్చాక మళ్లీ అక్కడే కూర్చోవచ్చు. 20 నిమిషాలు కూర్చోబెట్టి, 5 నిమిషాలు విశ్రాంతి. పెద్దవాళ్లకు పది నిమిషాలకే గడ్డం కిందికి జారుతుంది, అందుకే కళ్ల ఎత్తులో చూడ్డానికి ఏదైనా పెట్టండి. మొదటి సిట్టింగ్‌లో కళ్లూ పెదాలూ ముట్టుకోవద్దు. తల వంపు, వెలుగునీడల ముద్దలు మాత్రమే, కళ్లు చికిలించి చూస్తూ. కళ్లు తల మొత్తం ఎత్తులో సగానికి వస్తాయి. కొత్తవాళ్లు నుదురు చిన్నది చేసి కళ్లను పైకెక్కించేస్తారు.

రంగులు ఐదు చాలు: టైటానియం వైట్, ఎల్లో ఓకర్, బర్న్ట్ సియెన్నా, అలిజరిన్ క్రిమ్సన్, అల్ట్రామెరైన్ బ్లూ. నీడకు నలుపు కలిపితే చర్మం బూడిదవుతుంది. బర్న్ట్ సియెన్నాలో చిటికెడు అల్ట్రామెరైన్ కలపండి. వెలుగుకు ఒట్టి తెలుపైతే పిండి పూసినట్టుంటుంది, ఓకర్ తగిలించండి. మొదటి పూత టర్పెంటైన్‌తో పలచగా, పైపూతల్లో లిన్సీడ్ ఆయిల్. తిరగేస్తే బీటలు వారుతుంది.

ప్రశ్న: మూడేళ్ల మనవడు కూర్చోడు కదా?
– తిరుపతి

జవాబు: కూర్చోడు. ఫోటోయే తీసుకోండి. ఆరడుగుల వెనక్కి జరిగి రెండింతలు జూమ్ చేయండి. ఫ్లాష్, బ్యూటీ మోడ్ రెండూ వద్దు. వాడు ఆడుకుంటుండగా చెంప రంగు, నీడ రంగు కలిపి ఓ అట్టముక్క మీద పూసుకోండి. బొమ్మకు రంగులు ఆ అట్ట చూసి వేయాలి, ఫోన్ చూసి కాదు.