హబ్ రౌటర్‌లో ట్రాఫిక్ షేపింగ్ పెట్టబోయే ముందు

చిరంజీవికి ఆశీస్సులు.

నీ ఉత్తరం చదివాను. క్లయింటు వారి నెట్‌వర్క్ ఎంపీఎల్‌ఎస్ అనే కొత్త పద్ధతికి మారేదాకా పాత ఫ్రేమ్ రిలే లింకులన్నీ (ప్రొవైడర్ స్విచ్‌ల గుండా శాఖలను కలిపేవి) నీ బాధ్యతేనని, డల్లాస్‌లోని కేంద్రం, అంటే హబ్ నుంచి శాఖలకు పెద్ద ఫైళ్లు వెళ్లే సమయంలో సెషన్లు తెగిపోతున్నాయని, శాఖల నుంచి హబ్‌కు వచ్చే ట్రాఫిక్‌కు మాత్రం ఏ ఇబ్బందీ లేదని రాశావు. ఆ చివరి మాటలోనే రోగం బయటపడుతోంది. హబ్‌లో ఉన్నది టీ1 పోర్టు, అంటే సెకనుకు 1536 కిలోబిట్లు. శాఖలో ఉన్నది 64 కిలోబిట్ల పోర్టు. హబ్ రౌటర్‌కు తన సీరియల్ ఇంటర్‌ఫేస్ వేగమే తప్ప అవతలి పోర్టు వేగం తెలియదు కనుక, ఫైలు చేతికి రాగానే 1536 వేగంతోనే నెట్టేస్తుంది. శాఖ వైపు ఉన్న ప్రొవైడర్ స్విచ్‌లో క్యూ నిండిపోయి ఫ్రేములు అక్కడ రాలిపోతాయి, మన రౌటర్‌లో మాత్రం ఒక్క డ్రాప్ కౌంటర్ కూడా కదలదు. షేపింగ్, అంటే పంపే వేగానికి మనమే హద్దు పెట్టడం, చేసే పని ఆ క్యూను మన రౌటర్‌లోకి తెచ్చుకోవడమే. అక్కడ ఉంటే ఏ ప్యాకెట్ ముందు పోవాలో మనం నిర్ణయించవచ్చు, పోయినదాన్ని లెక్కపెట్టవచ్చు.

కన్సోల్ ముందు కూర్చునే లోపు ఒక కాగితం మీద ప్రతి పీవీసీకి (హబ్‌కూ ఒక శాఖకూ మధ్య ఉన్న శాశ్వత వర్చువల్ దారి) నాలుగు అంకెలు రాసుకో: డీఎల్‌సీఐ (ఆ దారి గుర్తింపు సంఖ్య), హబ్ పోర్టు వేగం, శాఖ పోర్టు వేగం, ప్రొవైడర్ ఒప్పందంలోని సీఐఆర్ (హామీ ఇచ్చిన వేగం). ఈ చివరి అంకె దగ్గరే అనుభవమున్నవారు కూడా తడబడతారు. సిస్కో రౌటర్‌లో ‘ఫ్రేమ్-రిలే సీఐఆర్’ అనే ఆదేశం ఒప్పందపు సీఐఆర్‌ను అడగడం లేదు. రద్దీ లేనప్పుడు సగటున ఎంత వేగంతో పంపాలని నీ ఉద్దేశమో అడుగుతోంది. ఒప్పందంలో హామీ ఇచ్చిన వేగాన్ని రాయవలసిన చోటు ‘మిన్‌సీఐఆర్’. నీ శాఖలకు ప్రొవైడర్ 32 కిలోబిట్ల హామీ ఇచ్చి ఉంటే, సీఐఆర్ 64000 అని, మిన్‌సీఐఆర్ 32000 అని రాయాలి. మిన్‌సీఐఆర్ రాయకపోతే రౌటర్ సీఐఆర్‌లో సగం తీసుకుంటుంది. ఈ ఉదాహరణలో ఆ సగం కూడా 32000 కావడం కేవలం కాకతాళీయం కాబట్టి, దాన్ని నమ్ముకోకుండా ప్రతి మ్యాప్ క్లాస్‌లోనూ (పీవీసీకి తగిలించే ఈ అంకెల కట్ట) స్పష్టంగా రాయడమే మంచిది.

ఇక బీసీ, టీసీల సంగతి. బీసీ అంటే ఒక విడతలో పంపే బిట్ల సంఖ్య, టీసీ అంటే ఆ విడత నిడివి. టీసీని నువ్వు నేరుగా ఇవ్వలేవు. బీసీని సీఐఆర్‌తో భాగిస్తే వచ్చే కాలమే అది. సీఐఆర్ 64000, బీసీ 8000 అయితే టీసీ 125 మిల్లీసెకన్లు. షేపింగ్ పెట్టినంత మాత్రాన బిట్లు నెమ్మదిగా కదులుతాయని అనుకోవద్దు. ఫ్రేము తీగ మీదికి ఎక్కేది ఎప్పుడూ 1536 వేగంతోనే; రౌటర్ 8000 బిట్లను దాదాపు 5 మిల్లీసెకన్లలో పంపేసి, మిగిలిన 120 మిల్లీసెకన్లు ఆ పీవీసీని ఆపి ఉంచుతుంది. కాలువ కింద పొలాలకు వంతుల వారీగా నీళ్లు వదిలినట్లే ఇది. ఆదా చేసుకున్న వాటాను తరువాత ఒకేసారి వాడుకొనే అవకాశాన్ని బీఈ ఇస్తుంది. నీ దగ్గర సీఐఆర్ అప్పటికే శాఖ పోర్టు వేగానికి సమానం కాబట్టి బీఈ సున్నాగానే ఉంచు; అంతకు మించి పంపితే అవతలి పోర్టు ఎలాగూ మోయలేదు.

ఈ మొత్తం పనిలో అసలు ప్రమాదం ఒక్క ఆదేశంలో ఉంది. ఫిజికల్ ఇంటర్‌ఫేస్ మీద ‘ఫ్రేమ్-రిలే ట్రాఫిక్-షేపింగ్’ అని కొట్టగానే, దాని కింద సబ్‌ఇంటర్‌ఫేస్‌లలో (ఆ ఇంటర్‌ఫేస్‌ను విడగొట్టిన లాజికల్ భాగాలు) ఉన్న పీవీసీలన్నిటికీ షేపింగ్ అమలవుతుంది, ఏ క్లాస్ తగిలించని పీవీసీకి 56000 సీఐఆర్ దానంతట అదే పడుతుంది. 256 కిలోబిట్ల పోర్టు ఉన్న పెద్ద శాఖ కూడా ఆ క్షణం నుంచి 56 కిలోబిట్లతోనే నడుస్తుంది. అందుచేత ఆ ఆదేశం అన్నిటికంటే చివర రావాలి. మొదట మ్యాప్ క్లాసులు రాయి. శాఖకొకటి కాకుండా పోర్టు వేగానికొకటి చాలు, పేరులోనే వేగం కనిపించేలా పెట్టు. తరువాత ప్రతి డీఎల్‌సీఐ కింద సరైన క్లాస్‌ను తగిలించి, నీ కాగితంతో ఒక్కొక్కటీ సరిచూసుకో. ఏ పీవీసీ మిగిలిపోలేదని తేలాకే ఇంటర్‌ఫేస్ మీద షేపింగ్ ఆన్ చెయ్యి. నువ్వు హైదరాబాదులో కూర్చుని ఏ లింకు గుండా లాగిన్ అయ్యావో ఆ లింకునే మార్చబోతున్నావు గనుక, ముందుగా ‘రీలోడ్ ఇన్ 15’ కొట్టి ఉంచు, అంతా సరిపోయిందని తేలేదాకా కాన్ఫిగరేషన్‌ను సేవ్ చేయకు. తెగిపోతే పావుగంటలో రౌటర్ పాత స్థితిలో లేస్తుంది. బాగుంటే రీలోడ్‌ను రద్దు చేసి అప్పుడు సేవ్ చేసుకో. ఇంత జాగ్రత్త దేనికని నీ తోటివారు నవ్వితే నవ్వనీ.

క్లాస్‌లో ఫెయిర్ క్యూ (ఒకే ట్రాఫిక్ అంతా ఆక్రమించకుండా వంతులు పంచే వరుస) కూడా పెట్టు. అది లేకపోతే పీవీసీ క్యూ వచ్చిన వరుసలోనే కదులుతుంది, క్యాషియర్ కొట్టిన చిన్న లావాదేవీ పెద్ద ఫైలు ప్యాకెట్ల వెనకే నిలబడుతుంది, అంటే నువ్వు క్యూను ఇంటికి తెచ్చుకున్న ప్రయోజనం సగం పోతుంది.

‘అడాప్టివ్-షేపింగ్ బెకన్’ పెట్టమని నా సలహా. నెట్‌వర్క్‌లో రద్దీ ఏర్పడితే స్విచ్ ఎదురు దిశలో వచ్చే ఫ్రేముల్లో బెకన్ బిట్ (రద్దీ ఉందని పంపేవారికి చెప్పే గుర్తు) పెడుతుంది. అది కనిపించిన టీసీలో రౌటర్ తన వేగాన్ని 25 శాతం తగ్గిస్తుంది, అలా తగ్గుతూ మిన్‌సీఐఆర్ దగ్గర ఆగుతుంది. బెకన్ లేకుండా వరుసగా 16 టీసీలు గడిచాకే మళ్లీ కొద్దికొద్దిగా పైకి వస్తుంది. ఇక్కడ ఒక చిక్కు ఉంది: బెకన్ ఎక్కి రావడానికి అటు నుంచి ఏదో ఒక ఫ్రేము రావాలి. కేవలం ఒకే దిశలో సాగే ట్రాఫిక్‌లో ఈ హెచ్చరిక చాలా ఆలస్యంగా అందుతుంది.

శాఖల రౌటర్లను కూడా వదిలేయకు. ఇప్పుడు అటు నుంచి ఇబ్బంది లేకపోవచ్చు కాని, 64 కిలోబిట్ల శాఖలు 30 ఒకేసారి రాత్రి బ్యాకప్ మొదలుపెడితే మొత్తం 1920 కిలోబిట్లవుతుంది, నీ టీ1 పోర్టు అంత పట్టదు. అక్కడ కూడా ఇదే క్లాస్ చాలు. బ్యాకప్ వేళలను శాఖల వారీగా మార్చగలిగితే ఇంకా తేలిక.

ఈ పీవీసీల మీద వాయిస్ కూడా పంపాలని ఎవరైనా అడిగితే, ఈ అంకెలు పనికిరావని ముందే చెప్పు. 64 కిలోబిట్ల తీగ మీద 1500 బైట్ల ప్యాకెట్ ఒక్కటి ఎక్కడానికే 187 మిల్లీసెకన్లకు పైగా పడుతుంది. అప్పుడు సీఐఆర్‌ను ఒప్పందపు అంకెకు దించి, టీసీ 10 మిల్లీసెకన్లు అయ్యేలా బీసీని సీఐఆర్‌లో నూరో వంతు చేసి, రెండు చివర్లా ఎఫ్‌ఆర్‌ఎఫ్.12 ఫ్రాగ్మెంటేషన్ (పెద్ద ఫ్రేములను ముక్కలు చేసి పంపడం) 80 బైట్లకు పెట్టాలి. దాని గురించి అవసరం వచ్చినప్పుడు విడిగా రాస్తాను.

ఆన్ చేసిన వెంటనే ‘షో ట్రాఫిక్-షేప్’ చూడు. 64 కిలోబిట్ల పీవీసీ ఎదురుగా టార్గెట్ రేట్ 64000, ఇంటర్వల్ 125, ఇంక్రిమెంట్ 1000 బైట్లు (అంటే బీసీ 8000 బిట్లు) ఉండాలి. ఎక్కడైనా 56000, 875 అని కనిపించిందంటే ఆ డీఎల్‌సీఐకి క్లాస్ అంటలేదని అర్థం. చాలాసార్లు క్లాస్ పేరులో ఒక అక్షరం తేడా ఉంటుంది. తరువాత ఫైలు బదిలీ నడిపిస్తూ ‘షో ఫ్రేమ్-రిలే పీవీసీ’లో షేపింగ్ యాక్టివ్ అవుతోందో లేదో గమనించు. ఖాళీ లింకు మీద ఇనాక్టివ్ అని ఉండటం సహజమే, దానికి కంగారుపడి మార్పులు వెనక్కి తీయకు. అదే తెరలో బెకన్ కౌంటర్‌ను ఒక వారంపాటు రోజూ ఒకే వేళకు రాసుకో. ఏదైనా శాఖకు అది పగటిపూట ఆగకుండా పెరుగుతూ ఉంటే, ఆ పీవీసీ సీఐఆర్‌ను నువ్వు తగ్గించే ముందు ఆ అంకెలతో ప్రొవైడర్‌కు టికెట్ వెయ్యి.

ఇట్లు,
మీ బాబాయి