డార్క్‌హాక్ కార్డులు సేకరించాలనుకుంటున్న కార్తీక్‌కి

చి. కార్తీక్‌కి పెదనాన్న ఆశీస్సులు.

మార్వెల్ కామిక్స్ సూపర్‌హీరో డార్క్‌హాక్ బొమ్మలున్న ట్రేడింగ్ కార్డులన్నీ (సెట్లుగా వచ్చే, సేకరించుకునే బొమ్మ కార్డులు) సంపాదించాలనుంది, ఎక్కడ మొదలుపెట్టాలి అని మొన్న ఫోన్‌లో అడిగావు. ఇలాంటివి నోటితో చెబితే సగం గుర్తుండవు, అందుకే రాస్తున్నాను. నువ్వు స్పైడర్‌మ్యాన్‌నో వుల్వరిన్‌నో కాకుండా ఇతన్ని ఎంచుకున్నందుకు నాకు చాలా సంతోషంగా ఉంది. స్పైడర్‌మ్యాన్ కార్డులన్నీ కొనాలంటే మన జీతాలు చాలవు. డార్క్‌హాక్‌వి అయితే ఓపిక ఉన్న మనిషి చాలావరకు పూర్తిచేయగలడు.

కార్డుల కంటే ముందు కామిక్స్ చదువు. టామ్ డీఫాల్కో, మైక్ మ్యాన్లీ సృష్టించిన పాత్ర ఇది. మొదటి సంచిక మీద 1991 మార్చి అని ఉంటుంది. 50 సంచికలు నడిచి 1995లో ఆగిపోయింది. న్యూయార్క్‌లోని క్వీన్స్‌లో ఉండే క్రిస్ పవల్ అనే కుర్రాడు, పోలీసైన తన తండ్రి లంచం తీసుకోవడం కళ్లారా చూస్తాడు. మూతపడిన అమ్యూజ్‌మెంట్ పార్కులో ఒక పతకం దొరికి అతను డార్క్‌హాక్ అవుతాడు. తండ్రి మీద ఆ కుర్రాడికున్న ప్రేమ, కోపం రెండూ తెలిస్తేనే చేతిలో ఉన్న కార్డుకు విలువ. పైగా కథలు చదివినవాడు గుంపు బొమ్మలో కూడా అతన్ని ఇట్టే గుర్తుపడతాడు. అతన్ని వెతకడంలో అదే పెద్ద బలం.

ఇంపెల్ కంపెనీ 1990లో వేసిన మార్వెల్ యూనివర్స్ మొదటి సెట్ జోలికి వెళ్లకు. అందులో 162 కార్డులున్నా మనవాడు ఉండడు, అప్పటికి అతని కామిక్ ఇంకా రాలేదు. 1991లో వచ్చిన రెండో సెట్‌తో మొదలుపెట్టు. తర్వాత 1992లో 200 కార్డుల మూడో సెట్ వచ్చింది. అదే ఏడాది ఇంపెల్ పేరు స్కైబాక్స్‌గా మారింది కాబట్టి ఆన్‌లైన్‌లో రెండు పేర్లతోనూ వెతుకు. 1992లో వచ్చిన మార్వెల్ మాస్టర్‌పీసెస్ అనే ఇంకో సెట్ మాత్రం తప్పక ఉండాలి. ఆ 100 కార్డుల సెట్‌లోని పెయింటింగులన్నీ జో జస్కో అనే ఆర్టిస్టు ఒక్కడే వేశాడు. నా దృష్టిలో డార్క్‌హాక్‌కి దక్కిన కార్డుల్లో ఆ సెట్‌లోనిదే గొప్పది.

1993 మార్వెల్ యూనివర్స్ సెట్ సంగతి వేరు. తొమ్మిదేసి కార్డులు పక్కపక్కన పేర్చితే ఒకే పెద్ద బొమ్మ అవుతుంది. ఆ సెట్‌లో ఎవరి కార్డు ఒక్కటే కొన్నా నీ దగ్గరున్నది ముక్క కిందే లెక్క. మిగతా ఎనిమిదీ సంపాదించి, తొమ్మిది అరల ప్లాస్టిక్ షీట్‌లో కలిపి పెట్టు.

ఇక అసలు విషయం, వెతకడం. కార్డ్ షోలలో వ్యాపారులు పేరున్న హీరోలను విడిగా తీసి, కవర్లలో పెట్టి, ధర అంటిస్తారు. డార్క్‌హాక్‌ని అలా తీయరు. ఎవరూ సర్దని కామన్స్ (మామూలు చవక కార్డుల) పెట్టెల్లో వందల కార్డుల మధ్య పడి ఉంటాడు. టేబుల్ దగ్గరికి వెళ్లి "కామన్స్ బాక్స్ ఉందా?" అని అడుగు, కుర్చీ లాక్కుని కూర్చో, ఒక్కో కార్డూ తిప్పు. తొందరపడ్డావా, అతను నీ వేళ్ల మధ్య నుంచే జారిపోతాడు. ఆన్‌లైన్‌లో కూడా చాలామంది అతని పేరు రాయరు, సెట్ పేరూ కార్డు నంబరూ మాత్రమే ఇస్తారు. అందుకని ప్రతి సెట్ చెక్‌లిస్ట్ చూసి నంబర్లు ఒక నోట్‌బుక్‌లో రాసుకో. పక్కనే ఏ కార్డు దొరికింది, ఏ స్థితిలో ఉంది, ఎంతకు కొన్నావో కూడా రాయి. న్యూ వారియర్స్ అనే మార్వెల్ కుర్ర హీరోల జట్టుతో అతనికి బాగా సంబంధం ఉంది, వాళ్ల కార్డులన్నీ ముందూ వెనకా పరిశీలించు.

ధర గురించి ఒక మాట. 90ల మొదట్లో ఈ కార్డులు విపరీతంగా ముద్రించారు. మామూలు కార్డును "రేర్" అని అమ్మితే నమ్మకు. ఫలానా హీరోతో సినిమా వస్తోందట అన్న వార్త పుడితే ధరలు ఎగబాకుతాయి, ఆ సందడి తగ్గేదాకా ఆగు. ఇలాంటి కార్డులను గ్రేడింగ్‌కి, అంటే కార్డు స్థితిని పరీక్షించి మార్కులు వేసే కంపెనీలకు, పంపకు, చాలాసార్లు కార్డు ధర కంటే ఫీజే ఎక్కువవుతుంది. ఆ డబ్బుతో ఏదైనా కామిక్ కాన్‌లో (కామిక్స్ అభిమానుల సంబరంలో) ఖాళీ కార్డు ఇచ్చి, నచ్చిన ఆర్టిస్టు చేత డార్క్‌హాక్‌ని గీయించుకో. అలాంటిది ఇంకొకరి దగ్గర ఉండదు.

కొత్తగా ప్రింట్ చేసిన నకిలీలు కూడా తిరుగుతున్నాయి. పది రెట్లు పెద్దగా చూపించే భూతద్దం ఒకటి కొను. పాత ఆఫ్‌సెట్ ప్రింటింగ్‌లో రంగు చుక్కలు పువ్వుల్లా వరుసగా కనిపిస్తాయి. ఇంటి ప్రింటర్‌లో తీసిన దాంట్లో చుక్కలు చెల్లాచెదురుగా ఉంటాయి. సీలు తీయని పాత పెట్టెలు చూసి ఆశపడకు. వేడికీ తేమకీ నున్నటి కార్డులు ఒకదానికొకటి అంటుకుపోయి ఉండవచ్చు. అలాంటివి బలంగా లాగితే బొమ్మ ఊడివస్తుంది.

దొరికిన కార్డును ముందు పల్చటి స్లీవ్‌లో, ఆ తర్వాత టాప్‌లోడర్ అనే గట్టి ప్లాస్టిక్ కవర్‌లో పెట్టు. పీవీసీ లేని షీట్లే వాడు. రబ్బరు బ్యాండు వేయకు, ఎండ తగలనివ్వకు. హైదరాబాద్‌లో అమ్మ దగ్గర కొన్ని ఉంచుతానన్నావు కదా, వానాకాలంలో ఆ డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేయమను, అప్పుడప్పుడూ మార్చమను.

నా దగ్గర 1991 సెట్‌లో డూప్లికేట్లు చాలా ఉన్నాయి. థాంక్స్‌గివింగ్‌కి న్యూజెర్సీ వచ్చినప్పుడు నీ నోట్‌బుక్ తెచ్చుకో. ఇద్దరం కూర్చుని నీకు లేనివి తీసిపెడదాం. నేను కొనే షాపులో కామన్స్ పెట్టెలు బేస్‌మెంట్‌లో ఉంటాయి, శనివారం పొద్దున్నే తీసుకెళ్తాను.

నీ పెదనాన్న