బూతు లేదు కదా అని వదిలేయొద్దు, దిగులుగా ఉందని లాక్కోవద్దు

"13 ఏళ్ల మా అమ్మాయి రోజంతా అమెరికన్ రాక్ బ్యాండ్ లింకిన్ పార్క్ వాళ్ల ఆల్బమ్ 'హైబ్రిడ్ థియరీ' వింటోంది. అన్నీ అరుపులు, బాధలే. ఈ వయసులో వినొచ్చా?" అని అడిగారు. వినొచ్చండీ. ఒక్కసారి మీరూ పక్కన కూర్చుని వినండి. 12 పాటలు, 38 నిమిషాలు కూడా పట్టదు.

కవర్ మీద హెచ్చరిక స్టిక్కర్ కోసం వెతకొద్దు. 2000లో వచ్చిన ఆ ఆల్బమ్‌లో ఒక్క బూతు మాట లేదు. 1985లో అమెరికాలో టిప్పర్ గోర్ లాంటి తల్లులు గొడవ చేస్తే వచ్చిన స్టిక్కర్ అది. బూతు, హింస, శృంగారం, మత్తు, అంతవరకే దాని చూపు. సరదా పాటలో ఒక తిట్టు దొర్లితే ముద్ర వేస్తారు. తన మీద తనకే అసహ్యం వేసే మనిషి ఆల్బమ్ నిండా గోల పెట్టినా వేయరు. ఇది నాకు ఎప్పటికీ మింగుడుపడదు.

మా అబ్బాయి ఈ పాటలు వినేటప్పుడు వాడికీ పదమూడే. ఒక రాత్రి లైటు తీసేసి, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, గోడవైపు తిరిగి పడుకున్నాడు. నేను విసురుగా లాగేశాను. వాడు కోప్పడలేదు. "ఆయన అరుస్తుంటే నాకు అరవాల్సిన పనుండట్లేదమ్మా" అన్నాడు. నాకు నోట మాట రాలేదు. కాసేపాగి, "నీకెందుకురా అరవాలని?" అన్నాను. అప్పుడు బయటపడింది. స్నేహితులంతా కలిసి వాణ్ణి వెలివేశారట, రెండు నెలలుగా ఒక్కడే కూర్చుని తింటున్నాడట. ఆ రెండు నెలలూ నేను రోజూ అడిగింది మార్కుల గురించే. ఆ పాటలే లేకపోతే నాకు ఇప్పటికీ తెలిసేది కాదు.

ఆ బ్యాండ్ గాయకుడు చెస్టర్ బెన్నింగ్టన్ 2017 జూలైలో ఆత్మహత్య చేసుకున్నారు. ఆ మాట పిల్లలకి నెట్‌లో ఎదురుకాకముందే మీరు చెప్పండి. చిన్నప్పుడు తన మీద జరిగిన అఘాయిత్యం గురించి, మత్తు అలవాటు గురించి ఆయనే బాహాటంగా మాట్లాడారు. నేను చెప్పినప్పుడు మావాడు "మరి పాటలు ఆయన్ని కాపాడలేదుగా" అన్నాడు. కాపాడలేదు, పాట ఒక్కటే సరిపోదు, మనిషి కావాలి అన్నాను.

అన్నీ ఒకటే అనడం లేదు. నైన్ ఇంచ్ నెయిల్స్ అనే ఇంకో బ్యాండ్ వాళ్ల 1994 నాటి 'ది డౌన్‌వర్డ్ స్పైరల్' అయితే 16 దాటేదాకా నేను ఇవ్వను. ఒక మనిషి తనను తాను నాశనం చేసుకునే కథ అది. ఇంకొకటి, మ్యూజిక్ యాప్‌లో ఆటోప్లే ఆపేయండి. ఆల్బమ్ అయిపోగానే అంతకంటే చీకటి పాటలు కూడా వాటంతట అవే వరస కట్టొచ్చు, పిల్ల ఎంచుకోకుండానే.

నిద్ర, తిండి మారాయా, స్నేహితులకు దూరమైందా చూడండి. చచ్చిపోవాలని ఉందని ఒక్క మాటన్నా పాటల సంగతి పక్కన పెట్టి, ఆ రోజే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. అలాంటిదేమీ లేకపోతే ఇవాళ రాత్రే, "ఇందులో నీకు బాగా నచ్చిన పాట ఏదే?" అని అడిగి, రెండో ఇయర్‌ఫోన్ మీరు పెట్టుకోండి.